తడి పోగు రంగు

మా ప్రెస్సు పక్క గదిలో ఇప్పుడు డీటీపీ నడుస్తోంది. అక్కడ పనిచేసే అమ్మాయి తెలివైంది, ఓపిక గలది. పెళ్లి కార్డుల కోసం వచ్చినవాళ్లకు రోజూ ఒకే మాట చెబుతుంది: "తెర మీద కనపడే రంగు కాగితం మీద అట్లే రాదన్నా. కొంచెం తేడా ఉంటాది." వాళ్లు సరేనంటారు. కార్డులు చేతికొచ్చాక గొడవకు దిగుతారు. ఆమె మళ్లీ కంప్యూటర్లో అంకెలు చూపించి, ఎరుపు ఇంత, నీలం ఇంత అని సముదాయిస్తుంది. ఇవతల గదిలో కూర్చుని వింటూ నేను లోలోపల ఉడికిపోతుంటాను. కోపం ఆ అమ్మాయి మీద కాదు, "కొంచెం తేడా" అన్న మాట మీద. ఆ కొంచెం తేడా నా ఇంట్లో ఏం చేసిందో ఆమెకు చెప్పి లాభం లేదు. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

డెబ్బైల్లో నేను ఆదోనిలో, మార్కెట్ యార్డుకు దగ్గరగా ఉన్న ఒక చిన్న ప్రెస్సులో పనిచేసేవాణ్ణి. కాలితో తొక్కే ట్రెడిల్ మిషను మాది. పత్తి బేళ్లకు అంటించే లేబుళ్లు, కమీషన్ దుకాణాల బిల్లు పుస్తకాలు, సినిమా కరపత్రాలు, పెళ్లి పత్రికలు, అన్నీ దాని మీదే. రంగులు కలపడం నా పని. డబ్బాల్లో వచ్చే ఇంకులు నాలుగైదు రకాలే. మిగిలిన రంగులన్నీ రాతిపలక మీద పోసుకుని, కత్తితో నూరుకుంటూ కలుపుకోవాల్సిందే. కలిపినదాన్ని వేలికొసతో కాగితం మీద పలచగా అద్ది, కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూసేవాణ్ణి. ఇంకు తడిగా ఉన్నప్పుడు ఒక రంగు, కాగితం పీల్చుకుని ఆరాక ఇంకో రంగు. ట్యూబులైటు కింద ఒకటి, ఎండలో ఒకటి. వీటన్నిటి మధ్య నిజమైన రంగు ఏదని అడిగితే ఆ రోజుల్లో నేను తడుముకోకుండా చెప్పేవాణ్ణి. అంత పొగరు ఉండేది.

పత్తి సీజనులో మా కష్టాలు చెప్పనలవి కావు. జిన్నింగ్ మిల్లుల నుంచి దూది నుసి గాలిలో తేలుతూ వచ్చేది. కిటికీ తెరిస్తే తడి ఇంకు మీద వాలి, ఆరాక తెల్ల చుక్కలు పడేవి. మూసుకుంటే రంగు కనపడేది కాదు. ఒకసారి ఒక మిల్లు ఆసామి కొత్త లేబుళ్లు నా ముందు విసిరికొట్టి, "పోయినేడు ఎరుపు ఇది గాదు" అని అరిచాడు. "పోయినేడు లేబులు ఎండకు వెలిసిపోయినాది. దానికీ దీనికీ పోటీ పెడితే ఎట్ల?" అని నేను అంతకంటే గట్టిగా అరిచాను. మా యజమాని మధ్యలో పడి ఆయనకు టీ తెప్పించాడు, నాకు చీవాట్లు పెట్టాడు. నాకు ముక్కు మీదే కోపం. అయినా రంగు విషయంలో నా మాట తప్పయిన రోజు లేదని నా నమ్మకం.

నా భార్య మా మేనమామ కూతురు. ఎమ్మిగనూరులో మామ ఇంట్లో నడిమిల్లంతా మగ్గమే. గుంతలో కాళ్లు పెట్టుకుని మామ నేసేవాడు. అత్తా, కూతురూ కండెలు చుట్టేవాళ్లు. నా చిన్నప్పటి నుంచి ఆ ఇంటి చప్పుడు తెలుసు, ఆ పిల్ల తెలుసు. మా పెళ్లి మాట ఎవరు ఎప్పుడు అనుకున్నారో ఎవరికీ గుర్తులేదు. అడిగేవాళ్లూ లేరు.

మా పెళ్లి ఏడాది నూలుకు కరువొచ్చింది. చేనేత సొసైటీకి పోయి అడిగితే రేపు రా, మాపు రా అని తిప్పేవాళ్లు. ఎమ్మిగనూరులో వీధులకు వీధులు మగ్గాలు ఆగిపోయాయి. మామ ఇంట్లో మిగిలిన నూలంతా పోగేస్తే ఒక్క చీరకు సరిపోయింది. దాన్ని అమ్మకుండా కూతురి పెళ్లికి నేస్తానన్నాడు. కొత్తగా రంగు కొనే వీల్లేక, అటక మీదున్న రెండు పాత డబ్బాలు దించి, అడుగున అంటుకున్న పొడిని గోకి, ఒకే కాగులో వేశాడు. ఒకటి ఎరుపు, ఒకటి ఊదా. కొలతా లేదు, పాడూ లేదు. నూలు చిలపలు కాగులో ఉండగానే మా నాన్న పెళ్లి మాటలకు వచ్చి కూర్చున్నాడు. మాటల్లో పడి మామ పొయ్యి సంగతి మరిచాడు. ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువసేపు నూలు నానిపోయింది.

తీసి ఆరేస్తే ఎవరూ అనుకోని రంగు వచ్చింది. నేరేడు పండు అనొచ్చు. కానీ బాగా మాగిన నేరేడు కాదు, ఎరుపు ఇంకా విడవని నేరేడు. అత్త దాన్ని వంకాయ రంగు అనేది. నేను నేరేడే అని వాదించేవాణ్ణి. మామ మాత్రం, "దీనికి పేరు ల్యాదురా. ఇంగొగరు సెయ్యల్యారు, నేను గూడా సెయ్యల్యాను" అని మురిసిపోయేవాడు.

పెళ్లయి ఆదోని వచ్చాక మొదటిసారి ఉతికినప్పుడు ఆ చీర రంగు దిగి నా బనియన్లన్నీ గులాబీ రంగుకొచ్చాయి. నేను ఇంతెత్తున లేచాను. "రంగులు కలిపేటోనికి తెల్ల బనియన్లు యాల బావా?" అని ఆమె నవ్వింది. నాకు ఇంకా మండింది. ఆ రోజంతా మాట్లాడలేదు. సాయంత్రానికి ఆ బనియన్లలోనే ఒకటి వేసుకుని ప్రెస్సుకు పోయాను, వేరే లేక. కొన్ని ఉతుకులయ్యాక చీర ఒక నిలకడకొచ్చింది. కొత్తలో ఉన్న మిడిసిపాటు పోయి, బట్ట మెత్తబడి, రంగు నెమ్మదించింది. మిగతా చీరలున్నా దాన్నే ఎక్కువగా కట్టేది. స్టేషను దారిలో ఉన్న స్టూడియోలో మేము తీయించుకున్న ఫోటోలోనూ ఆ చీరే. ఆ రోజుల్లో ఫోటో అంటే నలుపూ తెలుపే. ఫోటో చూసి, "ఇంత మంచి సీర కట్టుకుంటే బూడిద మాదిరి పడింది సూడు" అని మూతి ముడుచుకుంది.

ఏడాది తిరగక ముందే పోయింది. జ్వరమే కదా అనుకున్నాం. మాత్రలు తెచ్చి వేశాం, కషాయం కాచాం. ఆసుపత్రికి చేర్చేసరికి డాక్టరు నా ముఖం చూడకుండా మాట్లాడాడు. దీని గురించి ఇంతకంటే నేను రాయలేను. మామ ఎమ్మిగనూరు నుంచి వచ్చి, ఒక్క మాటే అన్నాడు. "నేను నేసిన సీర కట్టించి పంపీండి." ముత్తైదువగా పోయింది కాబట్టి పసుపు పూసి, పూలు పెట్టి, ఆ చీరే కట్టించారు. కట్టెల్లో దానితోనే పోయింది. ఆ గడియలో చీర గురించి ఆలోచించే తెలివి నాకు లేదు.

కర్మ అంతా ముగిశాక ఎమ్మిగనూరు పోయాను. మామ ఇంట్లో గోడకు ఆ ఫోటో తగిలించారు. నన్ను పక్కకు కత్తిరించేసి, ఆమెను మాత్రం పటం కట్టించారు. అత్త దాని ముందు కూర్చుని నన్ను చూసి ఏడవలేదు, కోప్పడింది.

"లోకంలో దేవుళ్లందరికీ రంగులు ఏస్తారు మీ ప్రెస్సులో. క్యాలెండర్లలో ఆవుదూడకు గూడా రంగులే. నా బిడ్డ మాత్రం ఇట్ల బొగ్గు మాదిరి గోడకు ఉండాల్నా నాయనా?"

క్యాలెండర్లు శివకాశి నుంచి వస్తాయని, మేము కింద దుకాణం పేరు మాత్రమే అచ్చు వేస్తామని ఆమెకు చెప్పలేదు. చేస్తానన్నాను. రంగులు కలిపే అల్లుణ్ణి పెట్టుకుని ఆమె ఇంకెవరిని అడుగుతుంది?

అప్పుడే చూశాను, మగ్గం ఆగి ఉంది. నెలల తరబడి నూలు లేక, మామ పత్తి చేలల్లో కూలికి పోయి బతుకు లాక్కొచ్చాడు. కోసిగి వైపు కుటుంబాలు మూటలు కట్టుకుని పనులకు తరలిపోతుంటే, తామూ వాళ్లతో పోదామా అనుకున్న రోజులున్నాయి. అలాంటిది, సొసైటీ వాళ్లు ఇప్పుడు నూలు ఇచ్చారు. నిలువు పోగులకు గంజి పెట్టి, చుట్టిన కొత్త పడుగు గోడవారన సిద్ధంగా ఉంది. మామ దాన్ని మగ్గానికి ఎక్కించడం లేదు.

కారణం మగ్గం చూస్తే తెలిసింది. ఒక చీర నేయడం అయిపోయాక పడుగునంతా తీసేయరు. చివర్లను మగ్గానికుండే దువ్వెనలాంటి అచ్చులో అట్లాగే వదిలేస్తారు. కొత్త పడుగు వచ్చినప్పుడు దాని పోగుల్ని ఒక్కొక్కటిగా ఈ పాత కొసలకు మెలివేసి అతుకుతారు. ముందుకు లాగితే పాత కొసలు బయటికి వచ్చేస్తాయి, కత్తిరించి పారేస్తారు. మామ ఆ మగ్గం మీద చివరగా నేసింది కూతురి చీర. ఆ నేరేడు రంగు కొసలు ఇంకా అచ్చులోనే ఉన్నాయి, జానెడు పొడవున. ఆమె చీరలో లోకంలో మిగిలింది అంతే.

"ఇది అతికితే అది పోతాది" అన్నాడు మామ. "నువ్వు కాగితం మీద ఆ రంగు పట్టుకోనిరా అల్లుడా. ఆ తర్వాత అతుకుతా."

"ఇంట్లో జొన్నలు అయిపోయినాయి" అని అత్త అంది, ఎవరితోనో అన్నట్టు. అయినా ఆమె కూడా అతకమని చెప్పలేదు. వాళ్లిద్దరూ నా వైపు చూశారు. అంతవరకు లేబుళ్ల ఎరుపు తేడా వస్తే మిల్లు ఆసామి తిట్టేవాడు. ఇక్కడ నా చేతి రంగు కుదిరేదాకా ఒక ఇంట్లో పొయ్యి వెలగదు.

మామ కొన్ని పోగులు తుంచి తమలపాకులో పెట్టి ఇచ్చాడు. ఆదోని వచ్చి పని మొదలుపెట్టాను. ఫోటో బళ్లారి పంపి నలుపుకు బ్లాకు చేయించాను. రంగుల బ్లాకులు నేనే చెక్కాను. లైనోలియం ముక్క మీద ఫోటో పరచి గీతలు దించుకుని, చీర ఎంతవరకు ఉందో అంతవరకే ఉంచి, మిగతాదంతా పదునైన ఉలితో తీసేయాలి. భుజం దగ్గర పైట మడత, నడుము దగ్గర చేయి, ఆ చేయి కింద మళ్లీ చీర. ఆమె ఒంటి చుట్టూ తిప్పుతుంటే ఉలి జారింది. ఒక ముక్క పాడైంది, ఇంకొకటి చెక్కాను. యజమాని చూసి కూడా చూడనట్టు పోయాడు. ఆయన మంచివాడు.

ఇంకు కలపడానికి ఎరుపు, నీలం, కొద్దిగా నలుపు తీసుకున్నాను. పోగుల పక్కన అద్ది చూసుకుంటూ, ఆరాక ఎంత తగ్గుతుందో అంచనా వేసుకుంటూ, పైన ఫోటో బ్లాకు నలుపు చుక్కలు పడ్డాక ఎంత మురికిగా కనిపిస్తుందో అదీ లెక్కలోకి తీసుకుంటూ కలిపాను. దూది నుసి పడకుండా తడి కాగితాల మీద పంచె కప్పాను. ఆరిన తర్వాత పోగుల్ని బొమ్మ మీద పరిస్తే పోగు ఏదో అచ్చు ఏదో తెలియలేదు. అన్నాళ్ల తర్వాత మొదటిసారి నాకు ఆకలేసింది.

మర్నాడే ఎమ్మిగనూరు బస్సెక్కాను. మామ బొమ్మను మగ్గం పైనున్న గవాచి కిందికి తీసుకుపోయాడు. మిద్దె కప్పుకుండే ఆ వెలుతురు కంత కిందనే ఆయన జీవితమంతా రంగులు చూశాడు. చాలాసేపు చూసి, "పోగు రంగే" అన్నాడు. అత్త మాత్రం తల అడ్డంగా ఊపింది.

"ఇది నా బిడ్డ కట్టుకున్న రంగు గాదు."

నాకు చర్రున కోపమొచ్చింది. "పోగు పక్కన పెట్టి సూడు అత్తా! ఇంగేం కావాల?"

"పోగు గంజి పోగు నాయనా. గంజిలో ఉండే రంగు ఇది. అది కట్టుకున్నేది ఉతికిన సీర. ఎన్నిసార్లు ఉతికిందో నీకు తెల్దా?"

ఆమె చెప్పింది నిజం. నేను రోజూ చూసిన చీర వేరు, మగ్గం మీద మిగిలిన పోగు వేరు. గంజి అట్టకట్టి పోగు నల్లబారి, బిరుసుగా ఉంది. అప్పటిదాకా ముగ్గురికీ తట్టలేదు. పుట్టుకతో నేతవాళ్లం, ముగ్గురం. మామ తల పట్టుకుని మగ్గం గుంత అంచున కూర్చుండిపోయాడు. "అయితే ఉతుకుదాం" అని అత్తే అంది. కూతురు ఎట్లా ఉతికేదో అట్లాగే ఉతికితే ఆమె కట్టిన రంగు వస్తుంది. అంతకంటే సూటైన దారి ఎవరికైనా ఏం తోస్తుంది?

మళ్లీ వచ్చేటప్పుడు ఇంకు డబ్బాలు, రాతిపలక, కత్తి, మంచి కాగితాలు సంచిలో వేసుకుని బస్సులో తెచ్చాను. రంగు కుదరగానే అక్కడికక్కడే పట్టేయాలని నా ఆలోచన. మామ సగం కొసలు కోసి, ముడివేసి అత్త చేతికిచ్చాడు. సగం మగ్గం మీదే ఉంచాడు. పెరట్లో వెలుతురు బాగుంది. అత్త కుంకుడుకాయ రసంలో ఆ చిన్న పోచను ముంచి, రెండు అరచేతుల మధ్య మెత్తగా నలిపింది. గంజి తెల్లగా దిగింది. వెనకే కొంచెం ఎరుపు. మంచినీళ్లలో జాడించి పిండి, పైకెత్తి పట్టుకుంది.

అదే.

అదే రంగు. ముగ్గురం ఒకేసారి చూశాం. మామ "అమ్మా" అన్నాడు, అత్తను కాదు, కూతురిని. అత్త చేయి కిందికి దించలేదు, కదిలిస్తే పోతుందేమోనని భయపడినట్టు. నాకు కళ్లు మసకబారి ఏమీ కనపడలేదు. పైట చెంగు నా మొహానికి తగిలినంత దగ్గరగా అనిపించింది. ఆ కాసేపు ఆమె ఆ పెరట్లో ఉంది. ఇది నా వెర్రి అనుకుంటే అనుకోండి.

గబగబా పలక మీద ఇంకు పోసి కలపడం మొదలుపెట్టాను. కాగితం మీద అద్దాను. పోగు పక్కన పెట్టాను. ఎరుపు చాల్లేదు. కలిపాను, మళ్లీ అద్దాను. ఈసారి పోగు వైపు చూస్తే, అది ఇందాకటి పోగు కాదు. ఎండకు ఆరుతోంది, ఆరుతూ పాలిపోతోంది. "తడుపు అత్తా" అన్నాను. తడిపింది. రంగు తిరిగొచ్చింది. అద్దాను. ఆరింది. మళ్లీ తడిపింది. నా ఇంకు దగ్గరికొస్తున్న కొద్దీ పోగు దూరం జరుగుతోంది. ఎందుకో చెంబు వైపు చూసేదాకా అర్థం కాలేదు. చెంబులో నీళ్లు గులాబీ రంగులో ఉన్నాయి.

తడిపిన ప్రతిసారీ రంగు కొంత నీళ్లలో దిగిపోతోంది. తడిపితే గానీ రంగు కనపడదు, తడిపితే ఉన్న రంగు పోతోంది. చీరంత బట్టలో అయితే ఇన్ని తడుపులకు ఏమీ అయ్యేది కాదు. పోచ ఎంతని? అటక మీద గోకిన పాత రంగు ఎంతని? మామ పరుగున లోపలికి పోయి మిగతా సగం కోసుకొచ్చాడు. "దీన్ని సూసి కలుపు, తొందరగా" అన్నాడు. దాన్నీ ఉతికింది అత్త. దాన్నీ తడిపింది. మా ముగ్గురికీ ఆశ చావలేదు, ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అని. చివరికి అత్త చేతిలో ఉన్నది వెలిసిన గులాబీ రంగు పోచ. ఏ చీరలోదైనా కావొచ్చు. ఆమె దాన్ని ఇంకా ముంచబోతుంటే మామ చేయి పట్టుకున్నాడు.

"ఇంగొద్దులేవే. అయిపోయినాది."

అత్త అప్పుడు ఏడ్చింది. కట్టెల దగ్గర కూడా ఆమె అంత ఏడవలేదు. ఒక మనిషికి రెండోసారి చావు ఉంటుందని నేను ఆ పెరట్లో చూశాను. దాన్ని మేము ముగ్గురం, ప్రేమగా, శుభ్రమైన నీళ్లతో, మా చేతులతోనే చేశాం. ఎవరి మీద అరవాలో తెలియక నా ఒళ్లంతా మండిపోయింది. కత్తి తీసి గోడకేసి కొట్టాను. గోడకు నేరేడు రంగు మరక పడింది. అది కూడా ఆ రంగు కాదు.

కాగితం మీద నేను అద్దిన మచ్చలు మిగిలాయి. వాటిలో ఏదో ఒకటి మొదటి తడిలో, రంగు ఇంకా నిలిచి ఉన్నప్పుడు అద్దింది. కానీ హడావిడిలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ అద్దాను. కాగితాన్ని తిప్పాను, ఇంకో కాగితం తీసుకున్నాను. ఏది ముందో ఏది వెనకో తెలియదు. పైగా అన్నీ ఆరి, తమ రంగు తాము మార్చుకున్నాయి. మామ ఒకదాన్ని చూపించాడు. అత్త ఇంకోదాన్ని చూపించింది. నాకు ఆ రెండూ కావనిపించింది, నేను మూడోదాని మీద వేలు పెట్టాను. కాసేపటికి మామ, "యాదో ఒకటి ఏసుకోని రా నాయనా. దానికి ఇష్టమైంది ఎయ్యి" అని అత్త వైపు చూపించి లోపలికి పోయాడు.

లోపలి నుంచి పడుగు దించుతున్న చప్పుడు వినిపించింది. అచ్చులో మిగిలిన మొండి కొసలు అతుకుకే సరిపోతాయి, ఉతికి చూడటానికి చాలవు కాబట్టి, ఆయన వాటికి కొత్త పడుగు అతకడానికి కూర్చున్నాడు. తెల్ల పడుగు అది. ఒక్కొక్క పోగూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలివేస్తూ పోయాడు. నేను బస్సుకు బయల్దేరుతుంటే కూడా తలెత్తలేదు.

అత్త చూపించిన మచ్చ ప్రకారమే ఇంకు కలిపి బొమ్మ అచ్చు వేశాను. నా కంటికి నీలం ఎక్కువైంది. ఎరుపు విడవని నేరేడు కాదు, బాగా మాగి రాలిపోయే నేరేడు. ఆ సంగతి చెప్పాలని నోటి దాకా వచ్చింది. పటం కట్టించి ఇస్తే అత్త కొంగుతో తుడిచి గోడకు తగిలించుకుంది. "ఇప్పుడు నా బిడ్డ మాదిరి ఉంది" అంది. ఇంకేం చెబుతాను? ఆ రాత్రి అన్నం తింటూ మామ కూడా పటం వైపు చూడలేదు, నేనూ చూడలేదు.

ఆ తర్వాత కొన్నేళ్లకు మళ్లీ పెళ్లి చేసుకున్నాను. చేశారు అనాలి. మావైపు ఆచారం ప్రకారం రెండో భార్యకు మొదటి భార్య పుట్టిల్లు కూడా పుట్టిల్లే. అత్త ఆమెకు గాజులు వేయించింది, తల దువ్వింది, పండగకు పిలిచింది. నా రెండో భార్య కూడా పటం ముందు దీపం పెట్టకుండా ఆ ఇంట్లో పచ్చి మంచినీళ్లు ముట్టేది కాదు. మంచి మనుషులు, ఇద్దరూ. నేనే వాళ్లను చూడలేక వీధి అరుగు మీదికి వచ్చి కూర్చునేవాణ్ణి.

ఎనభైల్లో ఒక ఉగాదికి ఎమ్మిగనూరు పోయినప్పుడు, మామ గుమ్మంలోనే నా చేయి పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు. అప్పటికి ముసలివాడయ్యాడు, అయినా ముఖం వెలిగిపోతోంది.

"దొరికినాదిరా అల్లుడా! ఆ రంగు దొరికినాది!"

ఒక కొత్త చీర నా చేతుల్లో పెట్టాడు. ఏడాదిగా చిన్న చిన్న చిలపలు ముంచి చూస్తున్నాడట. ఎరుపు ఇంత, ఊదా ఇంత, నానబెట్టడం ఇంత అని మార్చి మార్చి చూశాడట. "సేస్తే కుదరల్యా, మల్లా సేస్తి. ఊరికే యాడ దొరుకుతాది? పటం దించి పక్కన పెట్టుకున్నా. పటంలో రంగుకు సరిగ్గా వచ్చినంత దాంకా ఇడిసిపెట్టల్యా" అన్నాడు.

నేను చీరను పటం దగ్గరికి తీసుకుపోయి చూశాను. ఆయన పనితనంలో వంక లేదు. నా ఇంకుకు, ఆయన నూలుకు వెంట్రుకవాసి తేడా లేదు. అదే ఎక్కువైన నీలం. అదే రాలిపోయే నేరేడు.

ఆ చీరను నా రెండో భార్యకు కట్టించారు. ఆమె గవాచి వెలుతురులోకి వచ్చి నిలబడగానే అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అచ్చం నా బిడ్డే" అని ఆమెను దగ్గరికి తీసుకుంది. మామ గోడకు ఆనుకుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. కాదు, ఇది కాదు, ఇది నా ఇంకు, అని అరవాలనిపించింది. అయితే ఏది అని వాళ్లడిగితే? నా దగ్గర ఉందనుకున్నాను. కళ్లు మూసుకుని ఆమెను తలుచుకున్నాను. ఎప్పటిలాగే వచ్చింది, తలుపు దగ్గర నిలబడింది. ఒంటి మీద చీర నేను కలిపిన ఇంకు రంగులో ఉంది. ఇంకాస్త ఎరుపు, ఇంకాస్త ఎరుపు అనుకుంటూ ఎంత ప్రయత్నించినా ఆ రంగే. అంతకు ముందున్నది ఎప్పుడు పోయిందో నాకు తెలియనే లేదు.

నా భార్య నన్నే చూస్తోంది. ఆ చీర కట్టుకున్నందుకు నేనేమనుకుంటున్నానోనని ఆమె ముఖంలో భయం కనపడింది.

"అదేనా రంగు?" అని మెల్లగా అడిగింది.

"అదే" అన్నాను.